తాళం మారిన ఇల్లు
(స్మారకోపన్యాస పాఠం)

దివాలా తీసిన కుటుంబం ఇల్లు పోగొట్టుకోవడం ఒక్క రోజులో జరిగే పని కాదు. తాళం మారే రోజు ఒకటే. దాని వెనక ఏడాదో రెండేళ్లో నడిచిన వ్యవహారం ఉంటుంది. వాయిదాలు ఆగుతాయి, బ్యాంకు ఆ ఖాతాను మొండి బకాయి కింద రాసుకుంటుంది, నోటీసు వస్తుంది, తలుపు మీద కాగితం అతికిస్తారు, పత్రికలో ప్రకటన పడుతుంది, కలెక్టరు ఉత్తర్వు వెలువడుతుంది, వేలం జరుగుతుంది. ఒక్కో మెట్టు దగ్గర చట్టం కొంత గడువు ఇచ్చింది. ఆ గడువుల్లో చాలా భాగం తెలుగు ఇళ్లలో ఎవరూ నోరు విప్పకుండానే దాటిపోతుంది. ఇంటిపెద్ద నోటీసును బీరువాలో బట్టల అడుగున పెడతాడు. భార్యకు సంగతి తెలిసేది తలుపు మీద కాగితం చూసిన రోజున. ఇల్లు పోవడాన్ని తట్టుకోవడం గురించి మాట్లాడాలంటే ముందుగా మాట్లాడవలసింది ఈ దాపరికం గురించే.

తెలుగు జిల్లాల్లో దివాలాకు వాడుక మాట ఐపీ. ‘ఫలానాయన ఐపీ పెట్టాడు’ అంటే ఊరంతటికీ అర్థమవుతుంది. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అన్న కోర్టు మాటే పొట్టిదై బజారుకెక్కింది. దాని వెనక ఉన్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా, వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి మాత్రమే అమల్లోకి వచ్చింది. బట్టల కొట్టు నడిపినవాడు, పత్తి కొని అమ్మినవాడు, చిన్న కాంట్రాక్టరు నేటికీ ఆ పాత చట్టం కిందే కోర్టుకు వెళ్లాలి. బాకీలు 500 రూపాయలకు చేరితే పిటిషన్ వేసుకోవచ్చని అందులో ఉంది. నూరేళ్లు దాటినా ఆ అంకె అలాగే ఉంది.

ఐపీ పెడితే ఇల్లు నిలుస్తుందన్న నమ్మకం చాలా బలమైనది, చాలా నష్టం చేసినదీ అదే. దివాలాదారుగా కోర్టు ప్రకటించాక అతని ఆస్తి కోర్టుకో రిసీవరుకో దఖలు పడుతుంది. చేబదులిచ్చినవాళ్లు, ప్రామిసరీ నోటు మీద ఇచ్చినవాళ్లు కోర్టు అనుమతి లేకుండా ఆ ఆస్తి జోలికి రాలేరు. తనఖా పెట్టించుకున్నవాడి సంగతి వేరు. తన తనఖా ఆస్తిని అమ్ముకునే హక్కుకు ఈ ప్రకటన అడ్డు రాదని అదే చట్టంలోని 28వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఇంటి పత్రాలు బ్యాంకులో ఉంటే ఐపీ ఆ ఇంటికి గొడుగు పట్టదు. ఐపీ పెట్టేముందు ఇంటిని భార్య పేరనో కొడుకు పేరనో గిఫ్టు రాసినా లాభం లేదు. బదిలీ జరిగిన రెండేళ్లలోపు వేసిన పిటిషన్ మీద దివాలాదారుగా తేలితే, రిసీవరు దాన్ని రద్దు చేయించగలడు. బౌన్సయిన చెక్కు కేసు ఐపీతో ఆగదు, అది క్రిమినల్ కోర్టులో వేరుగా నడుస్తుంది.

ఐపీ నిజంగా ఇచ్చేది మరొకటి ఉంది. అప్పు తీర్చలేని మనిషిని సివిల్ జైలుకు పంపించే బెదిరింపు నుంచి కోర్టు రక్షణ ఇవ్వగలదు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఇంకొంత ధైర్యమిచ్చింది. చెల్లించే స్తోమత ఉండి ఎగవేసినవాడు వేరు, చేతిలో ఏమీ లేక చెల్లించలేనివాడు వేరు, రెండోవాణ్ణి పేదరికం కారణంగా జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు అప్పుడు తేల్చింది. అప్పు ఎగవేతకు జైలు తప్పదని రాత్రంతా మేలుకొని కూర్చునే మనిషికి ఈ ఒక్క ముక్క వేళకు చెప్పగలిగితే ప్రాణం నిలబడుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో మరో రక్షణ ఉంది. రైతు, కూలి, ఇంటిపనివారు తాముంటున్న సొంత ఇంటిని మామూలు డిక్రీ కింద జప్తు చేయకూడదు. ఆ ఇంటిని తనఖా పెట్టి ఉంటే, ఆ తనఖా బాకీ దగ్గర ఈ రక్షణ పనిచేయదు.

తనఖా ఇంటిని బ్యాంకు తీసుకునే దారి 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం. అంతకు ముందు బ్యాంకు సివిల్ కోర్టులోనో రుణ వసూళ్ల ట్రిబ్యునల్లోనో దావా వేసి ఏళ్ల తరబడి ఎదురుచూసేది. ఈ చట్టంతో కోర్టు ప్రమేయం లేకుండానే ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్మే అధికారం దానికి దఖలుపడింది. 90 రోజులు వాయిదా కట్టకపోతే ఖాతా మొండి బకాయి అవుతుంది. ఆపైన మొత్తం బాకీని 60 రోజుల్లో చెల్లించమని 13(2) నోటీసు వస్తుంది. దానికి అభ్యంతరం రాసి ఇస్తే 15 రోజుల్లో కారణాలతో జవాబు ఇవ్వడం బ్యాంకు విధి. ఈ జవాబు హక్కును వాడుకునేవాళ్లు తక్కువ. వడ్డీ లెక్క తప్పయినా, కట్టిన వాయిదా ఖాతాలో పడకపోయినా, బాకీ అసలు వడ్డీ కలిపిన మొత్తంలో 20 శాతం కన్నా తక్కువే మిగిలినా చెప్పుకోవలసిన చోటు అది. 20 శాతం లోపు మిగిలిన బాకీకీ, వ్యవసాయ భూమికీ ఈ చట్టం వర్తించదు.

గడువు దాటాక వచ్చేది స్వాధీన ప్రకటన. వీధి తలుపు మీద కాగితం అతికించి, రెండు పత్రికల్లో, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో, ప్రచురించాలన్నది నియమం. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, హద్దులు, బాకీ మొత్తం అన్నీ అందులో ఉంటాయి. పూర్వం కోర్టు జప్తుకు వీధిలో టముకు వేయించేవారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆ మాట ఇప్పటికీ ఉంది. టముకు ఆ వీధికే వినిపించేది, పత్రిక జిల్లా అంతటా వెళుతుంది, ఫోనులో ఫొటో తీస్తే బంధువర్గమంతా చూస్తుంది. వేలం కన్నా ఈ ప్రకటనకే కుటుంబాలు ఎక్కువ కుంగిపోతాయి. ఆ రోజు పెద్దాయన పేపరు వేసే కుర్రాడు రాకముందే గేటు దగ్గర నిలబడి ఉంటాడు. తన ఇంటి ప్రతిని దాచినంత మాత్రాన పొరుగింటి ప్రతి ఆగదు.

ఇక్కడే రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది ఆ కాగితాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం. కాగితం అతికించి వెళ్లాక కుటుంబం ఆ ఇంట్లోనే ఉంటుంది, ఎవరూ వచ్చి ఖాళీ చేయమనరు. ఇది లాంఛనప్రాయమైన స్వాధీనం మాత్రమే. కొందరు అప్పుడే అంతా అయిపోయిందని మంచం పడతారు. మరికొందరు ఏమీ కాలేదు కదా అని ఊరుకుంటారు. నిజానికి రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి, వెళ్లడానికి 45 రోజుల గడువు మొదలయ్యేది ఆ దశలోనే. ఆ ట్రిబ్యునళ్లు తెలుగువారికి హైదరాబాద్, విశాఖపట్నాల్లో ఉన్నాయి. అక్కడ ఓడితే అప్పీలుకు కోల్‌కతా వెళ్లాలి. బాకీలో సగం, తగ్గిస్తే పావువంతు, ముందే జమకట్టాలి. ఇల్లు పోతున్న మనిషికి ఆ తలుపు మూసి ఉన్నట్టే లెక్క. కాబట్టి మొదటి 45 రోజులే ముఖ్యం. వకీలు ఫీజుకు భయపడేవాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగాలి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవారికి వకీలును ఉచితంగా ఇచ్చే బాధ్యత దానిది. న్యాయసహాయానికి ఫోన్ నంబరు 15100.

రెండో పొరపాటు ఇంకా ఖరీదైనది. వేలం రోజు దాకా డబ్బు తెచ్చి ఇల్లు విడిపించుకోవచ్చని అందరూ అనుకుంటారు. 2016కు ముందు అది దాదాపు నిజమే. ఆ ఏడాది 13(8) సెక్షన్‌ను సవరించారు. వేలం ప్రకటన ప్రచురించిన రోజుతోనే విడిపించుకునే హక్కు ముగుస్తుందని 2023 సెప్టెంబరులో బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వేలానికి ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ 30 రోజులూ అన్నదమ్ముల దగ్గర, అమెరికాలో ఉన్న అల్లుడి దగ్గర డబ్బు పోగుచేసి, వేలం ముందు రోజు బ్యాంకు మెట్లెక్కి, కాదనిపించుకుని తిరిగొచ్చిన కుటుంబం పడే బాధకు ఓదార్పు లేదు. డబ్బు తెచ్చేది ఉంటే వేలం ప్రకటన పడకముందే తేవాలి. ఈ తేదీ ఎన్నడో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

దాపరికం తినేది ఈ రోజుల్నే. సంగతి మొదటి నోటీసు నాడే భార్యకూ, పెద్ద పిల్లలకూ చెప్పిన ఇంట్లో కొన్ని దారులు తెరిచే ఉంటాయి. బ్యాంకు రాతపూర్వక సమ్మతితో ఇంటిని తామే అమ్ముకోవచ్చు. నోటీసు వచ్చాక ఆ సమ్మతి లేకుండా అమ్మకూడదు. తామే కొనేవాణ్ణి వెతికితే వచ్చే ధర వేలం ధర కన్నా సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. ‘బ్యాంకు ఇల్లు’ అన్న ముద్ర పడితే బేరగాళ్లు తగ్గించి అడుగుతారు. ఒకేసారి పరిష్కారం, అంటే ఓటీఎస్, అడిగి వడ్డీలో తగ్గింపు తెచ్చుకోవచ్చు. ఏ ఒప్పందమైనా కాగితం మీద ఉండాలి. మేనేజరు నోటిమాట ఆయన బదిలీతోపాటు వెళ్లిపోతుంది.

చెప్పని ఇంట్లో జరిగేది మరో తీరు. ఇల్లు కాపాడాలని మొదట భార్య బంగారం వెళుతుంది. తరువాత పసుపు కుంకాల కింద పుట్టింటివారిచ్చిన స్థలం, ఆపైన చీటీ ముందే పాడుకోవడం, చివరికి రోజువారీ ఫైనాన్సు. నెలకు నూటికి పదీ పదిహేనూ వడ్డీకి తెచ్చిన డబ్బుతో నూటికి ఏడాదికి తొమ్మిదో పదో ఉన్న ఇంటి అప్పు వాయిదా కడతారు. కాల్‌మనీ పేరుతో 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడినది ఇలాంటి అప్పుల లోకమే. ఇల్లు ఎలాగూ పోతుంది, దానితోపాటు ఇంటికి సంబంధం లేని ఆస్తులు కూడా పోతాయి. మునిగే పడవలోకి ఒడ్డున ఉన్న సామాను తెచ్చి వేసినట్టవుతుంది.

ప్రైవేటు ఫైనాన్సు దగ్గర మరో ప్రమాదం ఉంది. అప్పు ఇచ్చేవాడు తనఖా బదులు ఏకంగా విక్రయ దస్తావేజే రిజిస్టరు చేయించుకుంటాడు, ‘డబ్బిస్తే తిరిగి రాసేస్తా’ అని నోటితో అంటాడు. షరతుతో కూడిన అమ్మకాన్ని తనఖాగా లెక్కించాలంటే ఆ షరతు అదే దస్తావేజులో రాసి ఉండాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ కోరుతుంది. వేరే కాగితం మీద రాసిన హామీ సరిపోదు. ఈ దారిలో ఇల్లు పోయినవారికి నోటీసు లేదు, 60 రోజులు లేవు, పత్రికా ప్రకటన కూడా లేదు. బ్యాంకు చేతిలో ఇల్లు పోవడం కన్నా ఇది క్రూరమైనది.

స్వాధీనం చేసుకునే రోజుకు ముందు బ్యాంకు సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్ కింద జిల్లా కలెక్టరు నుంచో, హైదరాబాద్ వంటి నగరంలో చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ స్థాయి కోర్టు నుంచో ఉత్తర్వు తెస్తుంది. 30 రోజుల్లో, కారణాలు రాస్తే 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. అడ్వకేట్ కమిషనరును కూడా ఈ పనికి పంపవచ్చని 2022లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆ ఉదయం కమిషనరు, బ్యాంకు అధికారి, ఇద్దరు కానిస్టేబుళ్లు, తాళాలు తీసే మనిషి వస్తారు. పంచనామా రాస్తారు. గదిగదికీ వెళ్లి ఫ్రిజ్జు ఒకటి, మంచాలు మూడు, కుట్టుమిషను ఒకటి అని ఎవరో చదువుతుంటే ఒకరు రాసుకుంటారు. తనఖాలో ఉన్నది ఇల్లే, సామాను కుటుంబానిదే. దాన్ని తీసుకుపోవడానికి వ్యవధి అడగాలి, జాబితా నకలు తీసుకోవాలి. మందులు, చదువుల సర్టిఫికెట్లు, ఆధార్, రేషన్ కార్డులు, ఇన్సులిన్ పెట్టెలాంటివి ముందు రాత్రే ఒక సంచిలో ఉండాలి. తాళం పడ్డాక వాటి కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.

ఆ హడావుడిలో కుటుంబం ఏం తీసుకుపోతుందో చూస్తే ఇల్లంటే ఏమిటో తెలుస్తుంది. ముసలావిడ తులసి కుండీని చంకనెత్తుకుంటుంది. తల్లి పూజగదిలో పటాలను చీరలో చుడుతుంది. తలుపు చట్రం మీద పిల్లల ఎత్తు కొలిచి పెన్సిలుతో గీసిన గీతలుంటాయి, పక్కన ఏళ్లు వేసి. వాటిని తీసుకుపోవడానికి వీలుండదు. గడపకు రాసిన పసుపు, ద్వారబంధానికి వేలాడుతున్న ఎండిన మామిడాకులు ఇంటితోనే ఉండిపోతాయి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెతలో కట్టడానికి పడ్డ కష్టమే ఉంది. ఎదురుగా నిలబడి ఆ తాళం మారడం చూసినవాళ్ల సంగతి అందులో లేదు.

ఇల్లు పోవడం ఆస్తి నష్టం మాత్రమే కాదు, అది ఒక మరణం లాంటిదని చెప్పినవారిలో మార్క్ ఫ్రీడ్ ముఖ్యుడు. అమెరికాలోని బోస్టన్‌లో వెస్ట్ ఎండ్ అనే పేట మొత్తాన్ని నేలమట్టం చేసి అక్కడివారిని వేరే చోట్లకు పంపేశారు. వారిని పరిశీలించి ఆయన 1963లో రాసిన వ్యాసం, పోయిన ఇంటి కోసం మనుషులు ఏడ్చే తీరు ఆప్తుల మరణానికి ఏడ్చే తీరులాగే ఉంటుందని చూపింది. తెలుగు నేల మీద ఈ దుఃఖం తెలియనిది కాదు. 1980ల తొలినాళ్లలో శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు మునిగాయి. ఆ నిర్వాసితులు ఊరంతా ఒక్కటిగా పోగొట్టుకున్నారు, ఒకరి ఎదుట ఒకరు ఏడవగలిగారు, తప్పు తమది కాదని వారికి తెలుసు. దివాలా తీసిన కుటుంబానికి ఆ రెండూ లేవు. దుఃఖం ఉంది, దాన్ని బయటపెట్టే హక్కు తమకు లేదన్న సిగ్గు ఉంది. చావు ఇంటికి పదిమంది వస్తారు, కొన్నాళ్లు పొయ్యి వెలిగించనివ్వరు. తాళం పడ్డ ఇంటివారి కోసం ఎవరూ కారియర్ తేరు. తేవాలి. చుట్టం చేయగలిగినది ఇంతకన్నా పెద్దదేమీ లేదు, ఇంతకన్నా అవసరమైనదీ లేదు.

దెబ్బ ఒక్కొక్కరికి ఒక్కో చోట తగులుతుంది. ఇంటి పెద్దకు పరువు దగ్గర. నిద్రపట్టకపోవడం, తిండి మానడం, నలుగురిలోకి రాకపోవడం, ‘నేను లేకపోతే మీకు ఇన్సూరెన్సు డబ్బయినా వస్తుంది’ అనడం కనబడితే అది మాటవరసకు అన్నది కాదని ఇంట్లోవాళ్లు గ్రహించాలి. అతణ్ణి ఒంటరిగా వదలకూడదు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. వసూలు ఏజెంట్ల ఫోన్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తరువాత రాకూడదని 2022లో రిజర్వు బ్యాంకు కట్టడి చేసింది. వస్తే సమయం రాసి ఉంచి ఫిర్యాదు చేయవచ్చు. ముసలివాళ్లకు దెబ్బ వీధి దగ్గర తగులుతుంది. అరుగు, గుడి, తెలిసిన మందుల షాపు ఒక్కసారిగా దూరమవుతాయి. వీలైతే అద్దె ఇల్లు అదే పేటలో చూడడం వారికి మేలు. ఇంటాయన మాత్రం తెలిసిన ముఖాలు కనబడని పేట కోరతాడు. ఈ రెంటి మధ్య తేల్చుకునేది ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడితేనే కుదురుతుంది.

పిల్లల దగ్గర అబద్ధం ఆడకూడదు. ‘కొత్త ఇల్లు పెద్దది కడుతున్నాం, అందుకే మారాం’ అని చెప్పిన తల్లిదండ్రులు బడిలో మరో పిల్లాడి నోట అసలు సంగతి వింటున్న తమ పిల్లాణ్ణి కాపాడలేరు. వ్యాపారంలో నష్టం వచ్చింది, బ్యాంకుకు బాకీ ఉంది, అందుకు ఇల్లు ఇచ్చాం, బడి మారదు: ఈ నాలుగు ముక్కలు పదేళ్ల పిల్లకు అర్థమవుతాయి. బడి మారకపోవడం ఎలాగైనా చూసుకోవలసిన విషయం. విద్యా సంవత్సరం మధ్యలో ఇల్లూ బడీ రెండూ పోతే పిల్లలకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

అద్దె ఇంటికి మారాక చేయవలసిన కాగితం పని విసుగు పుట్టించేదే, కానీ అది మనిషిని లేపి నిలబెడుతుంది. అద్దె ఒప్పందం రాయించుకోవాలి. దానితో ఆధార్ చిరునామా, ఓటు, రేషన్ కార్డు, గ్యాసు కనెక్షను మార్పించుకోవాలి. పాత చిరునామాకు వచ్చే కోర్టు కాగితాలు చేతికి అందకపోతే ఏకపక్ష ఉత్తర్వులు వెలువడతాయి గనుక, కొత్త చిరునామాను వకీలుకూ బ్యాంకుకూ రాతపూర్వకంగా తెలియజేయాలి.

వేలంతోనే బ్యాంకు లెక్క తీరిపోదు. వచ్చిన సొమ్ములోంచి ఖర్చులు, బాకీ పోగా మిగిలితే అది ఇంటి యజమానికి చెందుతుందని చట్టంలోనే ఉంది. ఇల్లు పోయిన విరక్తిలో చాలామంది ఆ లెక్కే అడగరు. ఎంతకు అమ్ముడయింది, ఏ ఖర్చు ఎంత రాశారు, ఎంత మిగిలింది అని రాతపూర్వకంగా అడగాలి. మిగలకపోగా చాలకపోతే ఆ లోటును బ్యాంకు మళ్లీ వసూలుకు తెస్తుంది. అది 20 లక్షల రూపాయలకు తగ్గితే సివిల్ కోర్టులో, అంతకు మించితే డీఆర్‌టీలో. అందుకే ఇల్లు తక్కువ ధరకు పోతోందనిపించినప్పుడే వేలానికి పెట్టిన కనీస ధరను, అంటే రిజర్వు ధరను, ప్రశ్నించడం అవసరం.

ఐపీ పెట్టినవారికి చివరి మెట్టు డిశ్చార్జి. దివాలాదారుగా ప్రకటించేటప్పుడే కోర్టు ఒక గడువు పెడుతుంది. ఆ లోపల డిశ్చార్జికి దరఖాస్తు చేసుకోకపోతే ప్రకటనే రద్దవుతుంది, పడ్డ పాట్లన్నీ వృథా అవుతాయి. ఈ తేదీ మరిచిపోయి చెడినవారున్నారు. డిశ్చార్జి వచ్చాక పాత బాకీల నుంచి మనిషి విముక్తుడవుతాడు. ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు, భార్యాబిడ్డల మనోవర్తి మాత్రం మినహాయింపు.

హామీదారుకు ఈ విముక్తి లేదు. అప్పు తీసుకున్నవాడితో సమానంగా హామీదారు బాధ్యుడని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుంది. అసలు రుణగ్రస్తుడికి వచ్చిన డిశ్చార్జి హామీదారును వదిలించదని దివాలా చట్టం చెబుతుంది. తమ్ముడి వ్యాపారానికి సంతకం పెట్టిన అన్న, మరిది అప్పుకు తన ఇంటి పత్రాలిచ్చిన వదిన అప్పటికీ బ్యాంకు జాబితాలో ఉంటారు. ఎన్నో కుటుంబాల్లో అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయేది ఈ సంతకం దగ్గరే. చట్టం ప్రకారం తనకు ఇక బాకీ లేని తమ్ముడు చిన్న ఉద్యోగమో, మరొకరి కొట్టులో గుమాస్తా పనో చూసుకుని, నెలనెలా జీతంలోంచి మూడు వేలో నాలుగు వేలో అన్న వాయిదాకు పంపుతుంటాడు. ఇంటిల్లిపాదికీ కనబడేలా ఆ అంకెలను వంటింటి గోడ క్యాలెండరు మీద రాసుకుంటారు.